పదకొండో చీటీ

పోయిన వారం కొలతలమ్మను మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఏడు రోజులుగా అక్కడే ఉంది. చేతిలో రిజిస్టరు, ఎదురుగా పెద్దసారు గది. ఎందుకు నిలబడిందో మరిచిపోయినవాళ్ళ కోసం, ఈ వారమే పత్రిక చేతపట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ఆమెను కదిలిస్తాను.

కంటి ఆసుపత్రిలో ఆమె పని శుక్లం వచ్చిన కళ్ళను కొలవడం. అందుకే అందరూ కొలతలమ్మ అంటారు. డాక్టర్లు మసకబారిన దాన్ని కంట్లోంచి తీసి, ఆ చోట చిన్న లెన్సు పెడతారు. ఎవరి కంటికి ఎంత పవరు కావాలో చెప్పేది ఆమె మెషిను. దానికి ప్రతి ఉదయం ఒక నంబరు ఇవ్వాలి. లెన్సు చేసిన కంపెనీని బట్టి ఆ నంబరు మారుతుంది. ఇప్పుడొచ్చిన లెన్సులది నూట పద్దెనిమిది. ఇవ్వకపోతే ఆ మొండిఘటం తన పుట్టు నంబరు నూట పదిహేనుతోనే లెక్క కట్టేస్తుంది. ఆరేళ్ళలో కొలతలమ్మ ఒక్క ఉదయం కూడా మరవలేదు. నిన్న పదకొండు గంటలకు కరెంటు పోయి, ఐదు నిమిషాల్లో వచ్చింది. మెషిను ఆగి మళ్ళీ లేచింది. వరండాలో జనం కిటకిటలాడుతున్నారు. నంబరు మళ్ళీ ఇవ్వాలన్న సంగతి ఆమెకు తట్టనేలేదు. ఇవాళ పొద్దున చీటీల నకళ్ళు రిజిస్టరులో అంటిస్తుంటే, ఒక మూల సన్నటి అచ్చులో నూట పదిహేను కనబడింది. ఆ కింది చీటీ మీదా అదే. దాని కిందా అదే.

కరెంటు వచ్చాక కొలిచినవాళ్ళు పదకొండుమంది. సాయంత్రానికల్లా అందరి ఆపరేషన్లూ అయిపోయాయి. ఇవాళ ఎనిమిదింటికి కట్లు విప్పుతారు. ఆ పదకొండో మనిషి ఆమె అత్తగారు.

ఈ అత్తగారిని వీధంతా కాజాలత్త అంటారు. ముప్ఫై ఐదేళ్ళుగా చొక్కాలకు చేత్తో కాజాలు కుడుతోంది. ఒక కన్ను నీటికాసులతో ఎప్పుడో ఆరిపోయింది. మిగిలిన దానికి శుక్లం వచ్చి, సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటివాళ్ళను పిలిచేదాకా వచ్చింది. అయినా రెండేళ్ళు ఆపరేషనుకు ససేమిరా అంది. "ఉన్న ఒక్కదాన్నీ ఊడగొట్టుకోమంటావా?" అన్నది ఆమె ప్రశ్న. చివరికి కోడలు పక్కన కూర్చుని, "నా చేత్తో నేనే కొలుస్తానత్తయ్యా, పూచీ నాది" అంటే, ఆ ఒక్క మాట పట్టుకుని వచ్చి బల్లెక్కింది. ఇప్పుడు లెన్సు తప్పయితే దూరమూ మసకే, దగ్గరా మసకే. సూదీ లేదు, కాజా లేదు. ఆ పూచీ తలచుకుంటేనే కోడలి కాళ్ళు మెట్ల మీద కదలడం మానేశాయి.

ఇక కదలక తప్పదు. ఏడున్నర అయింది.

పెద్దసారు గదిలో గోడ మీద మూడు జెండాలున్నాయి. లెన్సులు ఒక దేశానివి, ఆపరేషన్లు చేసే డాక్టర్లు ఇంకో దేశంవాళ్ళు, కట్టడం ఇక్కడిది, మిగతా మనుషులు ఇక్కడివాళ్ళు. చూపు పోనక్కర్లేని చోట ఒక్కరి చూపు కూడా పోకూడదని మూడు దేశాలూ సంతకాలు పెట్టుకున్నాయి. ఆ సంతకాల కోసం పెద్దసారు పదకొండేళ్ళు తిరిగాడు. చెప్పులరిగాయి, జుట్టు రాలింది, ఒప్పందం మాత్రం దక్కింది. అందుకే కొలతలమ్మ చెప్పిందంతా విని ఆయన ముందుగా అడిగింది ఇదే.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు సార్. ముందు మీ దగ్గరికే వచ్చాను."

"మంచిపని చేశావు." ఆయన లేచి తలుపు దగ్గరగా వేశాడు. "చూడమ్మా, ముందు కట్లు విప్పనీ. ఎలా కనబడుతోందంటారో విందాం. ఒకరిద్దరికి తేడా ఉంటే కళ్ళజోడు రాసిద్దాం. ఇప్పుడే నోరు జారితే ఈ డాక్టర్లు పెట్టెలు సర్దుకుని పోతారు. వచ్చే నెల వెయ్యిమంది వరసలో ఉన్నారు. వాళ్ళ సంగతేంటి?"

ఆయన చెడ్డవాడు కాదు. భయస్థుడు. భయస్థుడికి పాము చావకూడదు, కర్రా విరగకూడదు.

"కళ్ళజోడు రాసిచ్చి ఊరుకునే తేడా కాదు సార్, పవరులో మూడు. మా అత్తయ్యకి ఉన్నది ఒకటే కన్ను."

"నాకు తెలీదా?"

"తెలిసీ కట్టు విప్పేదాకా ఆగమంటారా? ఆవిడ కళ్ళు తెరిచి, ఏమీ బాగాలేదని ఆవిడే చెప్పాలా నాకు?"

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు. ఆయన తల ఎత్తేసరికి గదిలో కొలతలమ్మ లేదు.

లెన్సులు ఉండే గది కింద, వరండా చివర. అక్కడ కాపలా లెన్సుల సిస్టరు. యాభై దాటిన మనిషి, డాక్టర్ల దేశం నుంచే వచ్చింది. గట్టి మనిషి, మాట తక్కువ. పెట్టెల మీది పవర్లు చదివి, చీటీతో సరిచూసి, ఆపరేషను బల్ల దగ్గరికి లెన్సు అందించేది ఆమే. ఆమెకు మన భాష రాదు, కొలతలమ్మకు ఆమె భాష రాదు. మధ్యలో దుబాసీ ఉన్నాడు.

ఈ దుబాసీ గురించి కాస్త చెప్పాలి. కుర్రతనం దాటిన మనిషే కానీ మనసు మెత్తన. ఎవరూ ఎవరినీ నొప్పించకూడదని అతని పట్టుదల. పొడుగు డాక్టరు "ఈ గది చెత్తకుండీలా ఉంది" అంటే, అతను "గదిని ఇంకా బాగా ఉంచగలరని డాక్టరుగారి నమ్మకం" అంటాడు. వంటామె "ఈ దొరలకు ఉప్పు తెలీదు, కారం తెలీదు" అంటే, అటువైపు చేరేసరికి అది "మీ ఆరోగ్యం కోసం తక్కువ వేస్తున్నాం" అయి కూర్చుంటుంది. అతని పుణ్యమా అని మూడు దేశాల మధ్య మూడు నెలల్లో ఒక్క తగాదా లేదు. ఒకరి మాట ఒకరికి చేరిందీ లేదు.

కొలతలమ్మ వెళ్ళేసరికి సిస్టరు ట్రే సర్దుతోంది. దుబాసీ కిటికీ దగ్గర టీ తాగుతున్నాడు.

"నేను చెప్పేది ఉన్నది ఉన్నట్టు చెప్పాలి నువ్వు," అంది కొలతలమ్మ. "నీ చక్కెర కలిపావో, ఆ కప్పు నీ నెత్తిన పోస్తాను."

"అయ్యో, అక్కా, ఏమైంది?"

"నిన్న పదకొండుమందిని తప్పు నంబరుతో కొలిచాను. తప్పు నాది. కట్లు విప్పకముందే ఆవిడకు తెలియాలి. చెప్పు."

దుబాసీ టీ కప్పు కిటికీలో పెట్టాడు. సిస్టరు వైపు తిరిగి ఏదో మొదలుపెట్టాడు. మాట పొడుగవుతోంది, చేతులు గాలిలో వంపులు తిరుగుతున్నాయి. చక్కెర కలుస్తోందని కొలతలమ్మకు భాష రాకుండానే అర్థమైంది. రిజిస్టరు తెరిచి, సిస్టరు కళ్ళ ముందు పెట్టి, మూలనున్న నూట పదిహేను మీద వేలుంచింది. ఆ వేలు తన గుండెల మీదికి తిప్పి, "నేను" అంది.

సిస్టరు ఆ వేలు వైపు చూసింది. తర్వాత దుబాసీ వైపు చూసింది. ఆ చూపుకు అతని కప్పులో టీ చల్లారిపోయి ఉండాలి. ఆమె గట్టిగా రెండు మాటలు అడిగింది. అతను తల వంచుకుని ఒక మాట చెప్పాడు. ఆమె నుదురు కొట్టుకుంది.

"ఏమంటోంది?"

దుబాసీ ఈసారి కొలతలమ్మ వైపు తిరిగాడు. "అక్కా, నిన్న సాయంత్రం నీ దగ్గరికి వచ్చి చెప్పాను కదా, సిస్టరు నీ చీటీలు చాలా శ్రద్ధగా చూసిందని..."

"ఆ. మెచ్చుకుందేమో అనుకున్నాను."

"మెచ్చుకోలేదు. చీటీల మీద నంబరు తప్పుంది, ఆ అమ్మాయికి వెంటనే చెప్పు, భయపడొద్దను, నేను చూసుకున్నానను అంది. తప్పు అనే మాట నీకు చెప్పాలనిపించలేదక్కా. అప్పటికే సరిచేసేసింది కదా, నిన్నెందుకు కష్టపెట్టడం అనుకున్నాను."

"సరిచేసేసిందా?"

సిస్టరు అప్పటికే తన నోటు పుస్తకం తీసింది. చీటీ నంబర్లు ఒక పక్క, చీటీలో ఉన్న పవరు మధ్యలో, తాను అందించిన లెన్సు పవరు ఇంకో పక్క. ప్రతి దానికీ మూడు కలిపి ఉంది. పెన్సిలుతో, దిద్దుబాటు లేకుండా, పది వరసలు. కొలతలమ్మ ఒక్కొక్కటీ వేలితో తడిమింది. అరటిపండు ఒలిచినట్టు ఉన్నాయి లెక్కలు. ఆ పుస్తకం మీద తల పెట్టి ఏడవాలనిపించింది, ఏడ్చింది కూడా. సిగ్గేముంది, పదిమంది చూపు తిరిగొచ్చిన చోట.

సిస్టరు ఆమె భుజం మీద చెయ్యి వేసి నెమ్మదిగా ఏదో చెప్పింది. ఈసారి దుబాసీ ఒక్క మాట కూడా నునుపు చెయ్యలేదు.

"ఇరవై ఏళ్ళ కింద ఇదే తప్పు తనూ చేసిందట. పదిహేడుమంది. ఆరోజు సరిచూసినవాళ్ళు లేరట. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి తనే చెప్పుకుందట. అప్పట్నుంచి చీటీ మూల చూడకుండా లెన్సు పెట్టె తెరవదట."

కొలతలమ్మ కళ్ళు తుడుచుకుని మళ్ళీ పుస్తకం చూసింది. పది వరసలు. లెక్కపెట్టింది. పదే.

"పదకొండోది?"

పదకొండో చీటీ అచ్చులో లేదు. మెషినులో కాగితం అయిపోతే, అత్తగారి కొలత తనే చేత్తో రాసిచ్చింది. చేత్తో రాసిన దాని మీద పవరు ఉంది కానీ, మూల నంబరు లేదు. నంబరు లేని చీటీని సరిచూడడం ఎలా? పదకొండోదేదన్న ప్రశ్న దుబాసీ నోట విని సిస్టరు జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. అంతలో గంట కొట్టారు. ఎనిమిది. పొడుగు డాక్టరు వరండాలోంచి కేకేశాడు. సిస్టరు ట్రే పట్టుకుని పరుగున వెళ్ళిపోయింది, వెనకే దుబాసీ. సీరియలు రాసేవాడికి దేవుడు ఇలాంటి గంటలు అప్పుడప్పుడూ పంపుతుంటాడు.

వార్డులో బల్లల మీద వరసగా కూర్చున్నారు అందరూ, ఒక కంటికి తెల్లటి కట్టుతో. మొదటి కట్టు విప్పారు. మేస్త్రీ పని చేసే ముసలాయన. గోడ మీది అక్షరాల పటం చూసి, "పైనుంచి చదవాలా, కిందినుంచా?" అన్నాడు. వార్డంతా నవ్వింది. రెండో మనిషి, మూడో మనిషి. ఒకావిడ తన మనవరాలి ముక్కుపుడక చూసి "ముక్కు ఎప్పుడు కుట్టించుకున్నావే?" అని తిట్టింది. ఎవరికీ మసక లేదు. తలుపు దగ్గర పెద్దసారు వచ్చి నిలబడ్డాడు. ప్రతి కట్టుకూ ఆయన భుజాలు ఒక్క అంగుళం కిందికి దిగుతున్నాయి.

కొలతలమ్మ మాత్రం వెళ్ళి చివరి బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"అత్తయ్యా."

"వచ్చావా? రాత్రంతా వీపు నొప్పి. అదేం బల్లే, చెక్కబల్ల!"

"అత్తయ్యా, మీకొక మాట చెప్పాలి. కట్టు విప్పకముందే చెప్పాలి. నిన్న మిమ్మల్ని కొలిచినప్పుడు నేను తప్పు చేశాను. మెషినులో నంబరు మార్చలేదు. మిగతావాళ్ళకి ఆ సిస్టరు సరిచేసింది. మీ సంగతి ఇంకా తెలీదు. మసగ్గా ఉంటే అది మీ కంటి దోషం కాదు, నాదే."

కొలతలమ్మ తల ఎత్తలేదు. తిడితే బాగుండునని ఉంది ఆమెకు.

"ఓహో," అంది కాజాలత్త. "ఆ గొడవ దీనికా?"

"ఏ గొడవ?"

"నన్ను బల్ల మీద పడుకోబెట్టి, మొహాన గుడ్డ కప్పారు చూడు, అప్పుడు. పొడుగాయన కత్తి పట్టుకున్నట్టున్నాడు. ఈ ఆడమనిషి వద్దంటే వద్దంది. ఆయన గొంతు పెంచాడు, ఈవిడ ఇంకా పెంచింది. నా మొహం మీదే ఇద్దరూ కాట్లాట! దుబాసీ కుర్రాణ్ణి ఏమిట్రా అని అడిగితే, 'మీ గురించి మంచిగా మాట్లాడుకుంటున్నారమ్మా' అన్నాడు. మంచిగా మాట్లాడుకునేవాళ్ళు అలా అరుస్తారటే? ఆఖరికి ఈవిడ గుడ్డ తీసి, వాళ్ళ సంచీలోంచి చిన్న మెషిను తెచ్చి, పెన్నులాంటిది నా కంటికి ఆనించి కొలిచింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ తర్వాతే ఆయన్ని చెయ్యి వెయ్యనిచ్చింది."

కొలతలమ్మ వార్డు అవతల ఉన్న సిస్టరు వైపు చూసింది. బతుకుజీవుడా అనుకుంది. పైకి అనేసింది కూడా.

నంబరు లేని చీటీని సిస్టరు నమ్మలేదు. అంతే సంగతి. చీటీ పక్కన పెట్టి మనిషినే కొలిచింది.

సిస్టరు చేతులు కడుక్కుని చివరి బల్ల దగ్గరికి వచ్చింది. కట్టు విప్పింది. తడి దూదితో రెప్ప తుడిచింది. కాజాలత్త కన్ను తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. పటం వైపు చూడలేదు. వంగి, సిస్టరు కోటు బొత్తాం దగ్గర కాజా పట్టుకుంది.

"మెషిను కుట్టు," అంది. "మధ్యలో రెండు పోగులు ఊడాయి. ఇలా ఇస్తే నేను కుట్టి ఇస్తాను."

దుబాసీ మొహమాటపడ్డాడు. "అమ్మా, ఈ మాట చెప్పమంటారా?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పు," అన్నారు అత్తాకోడళ్ళిద్దరూ ఒకేసారి.

అతను చెప్పాడు. సిస్టరు తన కోటు వైపు చూసుకుని, మూడు నెలల్లో మొదటిసారి పగలబడి నవ్వింది. కోటు విప్పి కాజాలత్త ఒళ్ళో పెట్టింది. తలుపు దగ్గర పెద్దసారు చేతిరుమాలు వెతుక్కున్నాడు. కొలతలమ్మ అత్తగారి చెయ్యి పట్టుకుని వదల్లేదు. రాయి దిగిన గుండె ఎంత తేలికగా ఉంటుందో ఆమెకు ఇవాళే తెలిసింది.

"ఇదిగో," అంది కాజాలత్త, కోడలి మొహం పరీక్షగా చూస్తూ. "నీకు ఇక్కడ తెల్లవెంట్రుక వచ్చింది. అది సరే కానీ, ఆ నంబరు నిన్న ఎందుకు మారిపోయింది?"

"కరెంటు పోయిందత్తయ్యా. పోయి వస్తే దానంతటదే మారిపోతుంది. మళ్ళీ పెట్టాలి, పెట్టలేదు."

"ఎన్నింటికి పోయింది?"

"పదకొండింటికి."

కాజాలత్త చెయ్యి బిగుసుకుంది.

"మరి మా అమ్మాయి దగ్గరా పోయే ఉంటుందిగా?"

ఈ కథ మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకు కొలతలమ్మ ఆడపడుచు గుర్తుండే ఉంటుంది. కాజాలత్త ఒక్కగానొక్క కూతురు. నది అవతల, పొరుగు దేశంలో కాపురం. అక్కడి కంటి ఆసుపత్రిలో ఆమెదీ కొలిచే పనే, అదే మెషిను, అవే లెన్సులు, అలాంటిదే ఒప్పందం. పని నేర్పింది కొలతలమ్మే. దేశాలు రెండైనా కరెంటు లైను ఒకటే. ఇక్కడ దీపం ఆరితే అక్కడా ఆరుతుంది. ఫోనులో తల్లీకూతుళ్ళు రోజూ తిట్టుకునేది రాత్రిళ్ళు పోయే ఆ కరెంటునే.

కొలతలమ్మ నోటు పుస్తకం వైపు చూసింది, సిస్టరు వైపు చూసింది. ఈ సిస్టరు అక్కడ లేదు. అక్కడ నిన్న కొలిచినవాళ్ళకు ఇవాళ ఆపరేషన్లు. తొమ్మిదింటికి మొదలు. గోడ గడియారంలో తొమ్మిదీ ఇరవై.

"సార్," అంది, లేస్తూ. "అవతలి ఆసుపత్రికి ఫోను చెయ్యాలి."

దుబాసీ ఆ మాట సిస్టరుకు గబగబా చెప్పాడు. పెద్దసారు మొహంలో రంగులు మారాయి. దేశం నుంచి దేశానికి తప్పు ఒప్పుకోవాలంటే ముందు ఉత్తరం, ఉత్తరానికి పై అధికారి సంతకం, ఆపైన ఇంకో అధికారి. పదకొండేళ్ళుగా ఆయన నడిచిన దారి అదే. వార్డులో పదకొండుమంది కళ్ళు ఆయన్నే చూస్తున్నాయి. వాటిలో చాలావాటికి ఇవాళ్టి నుంచే ఆయన మొహం సరిగ్గా కనబడుతోంది.

"రా," అన్నాడు ఆయన. నర్సుల బల్ల మీది ఫోను తనే ఎత్తి, నంబరు తనే తిప్పి, రిసీవరు ఆమె చేతికిచ్చాడు. "ఉత్తరం నేను తర్వాత రాసుకుంటాను."

అవతల ఫోను నాలుగుసార్లు మోగింది. ఐదోసారికి ఆడపడుచే ఎత్తింది.

"వదినా! అమ్మకి కట్టు విప్పారా? ఎలా ఉంది?"

"కనబడుతోంది, బాగా కనబడుతోంది. విను. నిన్న అక్కడ కరెంటు పోయిందా?"

"పోకేం? రెండుసార్లు పోయింది."

"మెషిను లేచాక నంబరు మళ్ళీ పెట్టావా?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"పొద్దున పెట్టాను కదా వదినా. నువ్వు పొద్దున పెట్టమనేగా చెప్పావు?"

"అవును. అంతే చెప్పాను. మిగతాది నాకే తట్టలేదు, నీకేం నేర్పుతాను? తప్పు నాది. ఇప్పుడు లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఒకమ్మాయి ఉంది. బడిపిల్లలకు పాఠాలు చెప్పే అమ్మాయి, చిన్నవయసే. బల్ల మీద పడుకోబెట్టి పావుగంట..."

"పరుగెత్తు. లెన్సు పెట్టొద్దను. ఎవరేమన్నా ఆగకు. పరుగెత్తు!"

రిసీవరు బల్ల మీద పడ్డ చప్పుడయింది. చెప్పులు పక్కకు విసిరేసిన చప్పుడు. వట్టి పాదాలతో పరుగు, వరండా పొడుగునా, దూరమవుతూ. కాజాలత్త వచ్చి కోడలి చెవి పక్కన తన చెవి ఆనించింది. అవతల ఎక్కడో ఒక తలుపు దడాలున తెరుచుకుంది. ఒక మగగొంతు కోపంగా ఏదో అరిచింది. ఆపైన ఇద్దరికీ ఏమీ వినబడలేదు.